ట్రంకుపెట్టెలోని నాలుగు కార్డులు

ఖరగ్‌పూర్ అనగానే మన సంస్థలోని మిత్రులలో పెక్కుమందికి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం స్ఫురణకు వస్తుంది. 1072 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోనే ప్రథమ స్థానంలో నిలిచిన ఆ ప్లాట్‌ఫారమును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాటిపోయినవి. మాకు మాత్రం ఆ ఊరి పేరు వినగానే ఖరిదా జ్ఞాపకం వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో వర్కుషాపు పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలిపోయిన కుటుంబాల మనుమలు, మునిమనుమలు నేటికీ అక్కడి సందులలో ఇంట తెలుగు, బజారున బెంగాలీ, ఆఫీసులో హిందీ మాట్లాడుతూ కాలం గడుపుతున్నారు. మా పినతండ్రిగారు ఆ వర్కుషాపులోనే ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినారు. వారు కాలధర్మం చెంది చాలా ఏళ్ళైనది. పిన్ని, ఇద్దరు కుమారులు, పెద్ద కోడలు, పిల్లలు ఇప్పటికీ ఆ ఇంటిలోనే ఉంటున్నారు.

ఆ ఇంటిలో ఒక ట్రంకుపెట్టె ఉన్నది. అందులో నాలుగు రకాల ఆరోగ్య రక్షణకు సంబంధించిన కాగితాలు ఉన్నవి. మొదటిది పిన్నిది, రైల్వే విశ్రాంత ఉద్యోగులకు, వారి భాగస్వాములకు 1997లో ఏర్పరచిన సరళీకృత ఆరోగ్య పథకం తాలూకు కార్డు. రెండవది పెద్దకోడలి పేరిట ఉన్న పశ్చిమబెంగాల్ ప్రభుత్వపు 'స్వాస్థ్య సాథీ' కార్డు. మూడవది గోల్‌బజారులో చిన్న దుకాణం నడిపే పెద్దకుమారుడు డబ్బు పెట్టి కొనుక్కున్న ఆరోగ్య బీమా పాలసీ. నాలుగవది ఒక కాంట్రాక్టరు క్రింద పనిచేసే చిన్నకుమారుని ఈ.ఎస్.ఐ. కార్డు. ఇన్ని కాగితాలు ఉండి కూడా, 2024 అక్టోబరులో పెద్దవాడికి గుండెపోటు వచ్చిన నాడు పిన్ని మెడలోని నాలుగు పేటల గొలుసు బ్యాంకులో కుదువ పెట్టవలసి వచ్చినది. ఎందుచేత అట్లా జరిగినదో, ఆ తరువాత ఏమైనదో భోజన విరామ సమయంలో మిత్రులకు చెప్పగా, మన పత్రికకు వ్రాయవలసినదని సంపాదకవర్గం వారు కోరినారు. మేము న్యాయవాదులము కాము. తమ్మునికోసం ఆ కాగితాలన్నీ తిరగవేసిన కారణంగా తెలిసిన సంగతులను మాత్రమే ఇక్కడ విన్నవించుకుంటున్నాము.

దుర్గాపూజ సెలవులు ముగిసి కొద్దిరోజులైనది. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నాడు. ఊరిలో ప్రథమ చికిత్స చేయించి, నూటపదిహేను కిలోమీటర్లు దాటించి కలకత్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినారు. రక్తనాళంలో స్టెంటు వేసినారు, ప్రాణం నిలిచినది. ఆ ఆసుపత్రి వైద్యులను గురించి మాకు ఏ ఫిర్యాదూ లేదు. చిక్కంతా క్రింది అంతస్తులోని బీమా కౌంటరు దగ్గర వచ్చినది. నగదు చెల్లించకుండా చికిత్స పొందే సౌకర్యం ఉన్నదని పాలసీ అమ్మిననాడు చెప్పినారు. మరదలు ఉదయం తొమ్మిదింటికి కాగితాలిచ్చి మధ్యాహ్నం మూడు వరకు బల్లమీద కూర్చున్నది. చివరకు కంపెనీ నుండి వచ్చిన జవాబు ఒకే ఒక వాక్యం: రక్తపోటు సంగతి దాచిపెట్టి పాలసీ తీసుకున్నందున నిరాకరించడమైనది.

"కార్డు చూపిస్తే చాలన్నారు గదా అన్నయ్యా, ఇప్పుడు రెండు లక్షల ఎనభై ఆరు వేలు ఎక్కడినుంచి తెమ్మంటారు?" అని మా తమ్ముడు మంచంమీద నుండే ఫోనులో అడిగినాడు. మా దగ్గర జవాబు లేకపోయినది.

మర్నాడు స్వాస్థ్య సాథీ కార్డు జ్ఞాపకం వచ్చి, చిన్నవాడు ఖరిదా వెళ్ళి ట్రంకుపెట్టె తీసి కార్డు పట్టుకొని వెళ్ళినాడు. చేర్చుకునేటప్పుడే చూపవలసినదని, అప్పటికే మరొక బీమాపై కాగితాలు కదిలినవని చెప్పి కౌంటరువారు త్రిప్పి పంపినారు. ఈ పథకాన్ని గూర్చి కొంచెం చెప్పవలసి ఉన్నది. 2016 డిసెంబరు 30న పశ్చిమబెంగాల్ ప్రభుత్వం దీనిని ప్రారంభించినది. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు వైద్యం. ముందునుంచి ఉన్న వ్యాధులకు కూడా వర్తింపు. కుటుంబ సభ్యుల సంఖ్యకు పరిమితి లేకపోవడం. భార్యాభర్తలిరువురి తల్లిదండ్రులను చేర్చుకునే వీలు. ఇవి దాని ముఖ్యాంశములు. 2020 డిసెంబరు 1 నుండి, మరే ఇతర ప్రభుత్వ ఆరోగ్య పథకంలోనూ లేని కుటుంబాలన్నింటికీ దీనిని విస్తరింపజేసినారు. కార్డును ఇంటిలోని ముఖ్య మహిళ పేరిట జారీ చేయడం మాకు మిక్కిలి నచ్చిన అంశం. అయితే మన ఇళ్ళలో ఆడవారి పేరిట వచ్చిన కాగితం బియ్యపు డబ్బాలోనో ట్రంకుపెట్టె అడుగునో భద్రపడుతుందే గాని, ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు చేతిసంచిలోకి రాదు.

పిన్నికి మరొక సందేహం కలిగినది. "శ్రీకాకుళంలో ఆరోగ్యశ్రీ ఉందట గదా బాబూ, మనది ఆ ఊరే గదా?" అన్నది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రారంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటన్నమాట వాస్తవమే. తక్కినవి అనంతపురం, మహబూబ్‌నగర్. కాని రాష్ట్ర ప్రభుత్వ పథకాలు ఆ రాష్ట్రపు రేషను కార్డును, నివాసాన్ని అనుసరించి నడుస్తవి; తాతగారి జన్మస్థలాన్ని అనుసరించి కాదు. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకం రాష్ట్రాల సరిహద్దులు దాటి చెల్లేటట్లు రూపొందినది గాని, 2019 జనవరిలో పశ్చిమబెంగాల్ దానినుండి వైదొలగినది. మా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్న ఆ అక్టోబరు నెలాఖరులోనే 70 ఏళ్ళు దాటిన వారందరికీ ఆ పథకాన్ని విస్తరించినారు. ఖరిదా వృద్ధులకు అప్పటికి అదీ అందలేదు. తెలుగువారై బెంగాలులో, ఒరిస్సాలో, ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన మన ఉద్యోగుల బంధువులు ఈ విషయమై భ్రమపడకుండా, తాము ఉన్నచోటి పథకంలో పేరు నమోదు చేయించుకొనుట క్షేమం.

ఇక మూడవ కాగితం. డిశ్చార్జి అయిన తరువాత సెలవు పెట్టి మేము ఖరిదా వెళ్ళినాము. పాలసీ పుస్తకం, దానివెంట జతపరచిన దరఖాస్తు నకలు తెరిచి చూసినాము. 2019 జనవరిలో తీసుకున్న పాలసీ, ఒక్క సంవత్సరం కూడా తప్పకుండా పునరుద్ధరణ అయినది. దరఖాస్తులో "రక్తపోటు ఉన్నదా?" అన్న ప్రశ్న ఎదుట "లేదు" అని ఉన్నది. క్రింద మా తమ్ముని సంతకం ఉన్నది. వాడు 2017 నుండి మాత్రలు వేసుకుంటున్నాడు. ఏజెంటుకు నోటితో చెప్పినాడట. "ఏం పరవాలేదు, ఇది వ్రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అని ఆయన తానే నింపి సంతకం చేయించుకున్నాడట. ఆ ఏజెంటు పరాయివాడు కాదు, ఆ వీధివాడే. ఆయనను తప్పుపట్టి ప్రయోజనం లేదు. చదవకుండా సంతకం చేయడం మా వాని పొరపాటు. ఈ సంగతి ముందే ఒప్పుకొనుట మంచిది, ఎందుకనగా ఇటువంటి వ్యాసాలలో బీమా కంపెనీ ఎల్లప్పుడూ దోషిగానూ, పాలసీదారు ఎల్లప్పుడూ నిర్దోషిగానూ కనిపించడం పరిపాటి అయినది.

న్యాయస్థానాలు ఈ విషయంలో రెండు వైపులా చూచినవి. 2009 జూలైలో సుప్రీంకోర్టు ఒక మెడిక్లెయిము కేసులో, దీర్ఘకాలంగా ఉన్న మధుమేహాన్ని, మూత్రపిండాల వ్యాధిని చెప్పకుండా పాలసీ తీసుకున్నందుకు క్లెయిము నిరాకరించడం సబబేనని తీర్పు చెప్పినది. బీమా ఒప్పందానికి పరమ విశ్వాసమే పునాది అని, అడిగిన ప్రశ్నకు తెలిసిన నిజం చెప్పడం పాలసీదారు బాధ్యత అని అందులోని సారాంశం. 2021 డిసెంబరులో వచ్చిన మరొక తీర్పు దీనికి రెండవ పార్శ్వం. విదేశయానానికి బీమా తీసుకున్న ఒక వ్యక్తి తనకు మధుమేహం ఉన్నట్లు దరఖాస్తులో స్పష్టంగా వ్రాసినాడు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చినది. కంపెనీ నిరాకరించినది. ఉన్న వ్యాధిని తెలిసికొని, ప్రీమియం తీసుకొని, పాలసీ ఇచ్చిన పిదప అదే వ్యాధిని సాకుగా చూపరాదని న్యాయస్థానం తేల్చినది. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే, దరఖాస్తులో ఒక్క "అవును" అనే మాటకు ఎంత విలువ ఉన్నదో బోధపడుతుంది. ఏటా కొన్ని వందల రూపాయలు పెరుగుతాయని భయపడి ఆ మాట వ్రాయనివారు మన కాలనీలోనూ ఉన్నారు.

మరి "లేదు" అని వ్రాసినవాని గతి ఏమిటి? ఇక్కడే హైదరాబాదు ప్రసక్తి వస్తుంది. 1999 నాటి చట్టం ద్వారా ఏర్పడి, హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024లో ఆరోగ్య బీమా నిబంధనలను చాలావరకు తిరగవ్రాసినది. అంతకుముందు, పాలసీ ఎడతెగకుండా 96 నెలలు నడిచిన తరువాత గాని కంపెనీ పాత విషయాలను త్రవ్వకుండా ఉండే రక్షణ వచ్చేది కాదు. దానిని 60 నెలలకు తగ్గించినారు. 60 నెలలు నిండిన పిమ్మట, మోసం రుజువైతే తప్ప, వ్యాధిని వెల్లడించలేదనే కారణంతో క్లెయిమును త్రోసిపుచ్చరాదు. మా తమ్ముని పాలసీ గుండెపోటు నాటికి 69 నెలలది. మోసం జరిగినదని కంపెనీ లేఖలో అనలేదు, రుజువు చేయనూ లేదు. పిన్ని వంటింటి గట్టుమీద కూర్చొని మేము నెలలు లెక్కవేసిన ఆ సాయంత్రం, ఆ ఇంటిలో దీపం వెలిగించినట్లైనది.

అవే నిబంధనలలో మరికొన్ని తెలిసికొనదగినవి ఉన్నవి. ముందునుంచి ఉన్న వ్యాధులకు వేచి ఉండవలసిన గడువు గరిష్ఠంగా 48 నెలలు ఉండగా, 36 నెలలకు తగ్గినది. పాలసీ చేతికందిన తరువాత చదివి, నచ్చకపోతే త్రిప్పి పంపే వ్యవధి 30 దినములైనది. నగదురహిత చికిత్సకు అనుమతి కోరితే కంపెనీ గంటలోపల తేల్చవలెను. డిశ్చార్జి సమయాన తుది అనుమతి మూడు గంటలు దాటరాదు. దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసే సొమ్ము కంపెనీ తన వాటాదారుల నిధినుండి భరించవలెను. ఏ క్లెయిమునైనా నిరాకరించాలంటే కంపెనీలోని సమీక్షా సంఘం ఆమోదం ఉండవలెను. నిరాకరణ లేఖలో పాలసీలోని ఏ షరతు ప్రకారమో పేర్కొనవలెను. మరదలు ఆరు గంటలు బల్లమీద కూర్చున్ననాటికి ఈ నిబంధనలు అమలులో ఉన్నవి. ఆమెకు తెలియదు, మాకు తెలియదు. కౌంటరులోని వారికి తెలిసి ఉండవచ్చును.

ఇంకొక చిన్న విషయం. పాలసీ ముఖ్యాంశములను సులభమైన మాటలలో ముద్రించిన సమాచార పత్రాన్ని, పాలసీదారు కోరినచో స్థానిక భాషలో ఇవ్వవలెనని ఆ నియంత్రణ సంస్థ ఆదేశించినది. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించే ప్రతిపాదనను ఆమోదించిన సంగతి పాఠకులకు విదితమే. ఖరిదాలో తెలుగు స్థానిక భాష అవునా కాదా అని ఎవరైనా సందేహిస్తే, ఒక సాయంత్రం మా సందులో నిలబడి వినవలసినదిగా మనవి.

మేము చేసిన పని ఏమనగా, మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి లేఖ వ్రాసినాము. పాలసీ సంఖ్య, మొదటి సంవత్సరపు తేదీ, 60 నెలల నిబంధన, నిరాకరణ లేఖలో మోసం ప్రస్తావన లేకపోవడం. ఇంతే, ఒక పేజీకి మించలేదు. రిజిస్టర్డు పోస్టులో పంపి రసీదు భద్రపరచినాము. ముప్పై దినములు గడిచినవి. పాత జవాబునే మరొకసారి పంపినారు. అప్పుడు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించినాము.

ఈ అంబుడ్స్‌మన్ వ్యవస్థ 1998లో ఏర్పడినది. 2017లో నియమాలు మార్చినారు. పశ్చిమబెంగాల్, సిక్కిం, అండమాన్ నికోబార్ దీవులకు కార్యాలయం కలకత్తాలోనే ఉన్నది. ఫీజు లేదు. న్యాయవాది అక్కరలేదు, అసలు న్యాయవాదిని అనుమతించరు. ముందుగా కంపెనీకి వ్రాసి ఒక నెల వేచి ఉండవలెను. కంపెనీ నిరాకరించిన ఏడాది లోపల ఫిర్యాదు చేరవలెను. అదే విషయం కోర్టులోగాని వినియోగదారుల కమిషనులోగాని నడుస్తూ ఉండరాదు. 30 లక్షల రూపాయలుగా ఉన్న పరిమితిని 2023 నవంబరులో 50 లక్షలకు పెంచినారు. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీని కట్టడి చేస్తుంది గాని పాలసీదారును కట్టడి చేయదు. నచ్చనివారు వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చును. తీర్పును ముప్పై దినములలో అమలుపరచని కంపెనీ, దినమునకు ఐదు వేల రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు చెల్లించవలెనని 2024 నిబంధనలలో చేర్చినారు.

విచారణ దృశ్య మాధ్యమం ద్వారా జరిగినది. తమ్ముడు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, ఖరిదా ఇంటి ముందుగదిలో ఫోను ఎదుట కూర్చున్నాడు. రక్తపోటు మాత్రలు వేసుకునేవాడవా అని అడిగినారు. వేసుకునేవాడినని చెప్పినాడు. ఏజెంటుకు చెప్పినానని కూడా చెప్పినాడు. ఆ నిజం చెప్పినందువల్ల కేసు పోతుందేమోనని మేము భయపడిన మాట వాస్తవం. పాలసీ ఎన్నాళ్ళనుండి ఎడతెగక నడుస్తున్నదని కంపెనీ ప్రతినిధిని అడిగినారు. ఆయన కాగితాలు త్రిప్పి తేదీ చెప్పినారు. ఆపైన సాగిన సంభాషణ కొద్ది నిమిషాలే. క్లెయిము పరిష్కరిస్తామని కంపెనీ అంగీకరించినది.

కథ అక్కడ ముగియలేదు. మొత్తం బిల్లు 2,86,400 రూపాయలు. కంపెనీ మొదట లెక్కగట్టిన మొత్తం రెండు లక్షలకు కూడా చేరలేదు. కారణం గది అద్దె. పాలసీలో రోజుకు 4,000 రూపాయల గది అని ఉండగా, ఆసుపత్రిలో 6,000 రూపాయల గది ఇచ్చినారు. అందువల్ల బిల్లులో మూడవవంతు కోసివేసినారు. ఇట్లా దామాషా ప్రకారం తగ్గించే హక్కు షరతులలో ఉంటే కంపెనీకి ఉన్నది గాని, మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షలు, అత్యవసర చికిత్సా విభాగం ఖర్చులకు ఆ కోత వర్తించదని 2020లోనే నియంత్రణ సంస్థ స్పష్టపరచినది. స్టెంటు ధరపైన కూడా కోత వేసిన ఆ లెక్కను సరిచేయవలసినదని మళ్ళీ వ్రాసినాము. చివరకు గది, దానివెంట వచ్చే రుసుముల క్రింద 24,500, చేతి తొడుగుల వంటి చెల్లింపు లేని వస్తువుల క్రింద 9,200 పోగా, 2,52,700 రూపాయలు 2025 జూలైలో వాని ఖాతాలో జమ అయినవి. గొలుసు విడిపించుటకు కట్టిన వడ్డీ 13,500 మాత్రం ఎవరూ ఇవ్వలేదు. గది ఎంపిక చేసేటప్పుడు పాలసీలో అనుమతించిన అద్దె ఎంతో చూచుకొనుట ఎంత అవసరమో పాఠకులు గ్రహింతురుగాక.

స్టెంటు మాట వచ్చినది గనుక: 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించినది. అప్పటి నిర్ణయం ప్రకారం మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. తరువాత ఏటా సవరణలు జరుగుతున్నవి. బిల్లులో స్టెంటు పేరు, ధర విడిగా చూపవలసినదని అడుగుటకు సంకోచింపవలసిన పని లేదు.

ఇంతవరకు బీమా కంపెనీ సంగతి. ఆసుపత్రితోనే పేచీ వస్తే? 2017 ఫిబ్రవరిలో కలకత్తా ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులపై తీవ్రమైన ఆందోళన చెలరేగిన దరిమిలా, మార్చి 3న పశ్చిమబెంగాల్ శాసనసభ వైద్యసంస్థల నమోదు, నియంత్రణ, పారదర్శకతల బిల్లును ఆమోదించినది. ఆ చట్టం క్రింద ఏర్పడిన నియంత్రణ కమిషన్ బిల్లులలో అన్యాయం, సేవలలో లోపం వంటి ఫిర్యాదులను విని నష్టపరిహారం ఇప్పించగలదు. వైద్యుని నిర్లక్ష్యమే ప్రధానాంశమైతే అది రాష్ట్ర వైద్యమండలి పరిధిలోనికి వస్తుంది. ఈ భేదం తెలియక ఒకచోటి ఫిర్యాదు మరొకచోట ఇచ్చి నెలలు పోగొట్టుకున్నవారు కలరు. ఎక్కడికి వెళ్ళినా చికిత్స రికార్డులు అవసరమవుతవి. రోగిగాని, అధీకృత బంధువుగాని కోరిన 72 గంటలలోపల వాటిని ఇవ్వవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతున్నది.

మన సంస్థ ఉద్యోగులకు అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. మనలో పెక్కుమందికి సంస్థ ఆసుపత్రిలోనో, సంస్థ ఒప్పందం కుదుర్చుకున్న ఆసుపత్రిలోనో వైద్యం జరుగుతుంది. జేబునుండి రూపాయి ఇవ్వము. "ఉచితంగా చేయించుకున్న వైద్యానికి ఫిర్యాదేమిటి?" అనే భావన మనలో నాటుకొని ఉన్నది. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రికి వెళ్ళే పెద్దలూ ఇదే మాట అంటారు. ఇది సరికాదని సుప్రీంకోర్టు 1995 నవంబరు 13నే చెప్పినది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌కు, వి.పి. శాంతకు మధ్య నడిచిన ఆ సుప్రసిద్ధ వ్యాజ్యంలో, వైద్యసేవలు 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోనికి వస్తవని తీర్పు వెలువడినది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మినహాయించినారు. కాని సేవా నిబంధనలలో భాగంగా యజమాని ఉద్యోగికి, అతనిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు వైద్యఖర్చు భరించినప్పుడు, ఆ వైద్యం ఉచితం కాదని, అది మూల్యం చెల్లించిన సేవయేనని అందులో విస్పష్టంగా పేర్కొన్నారు. బీమా కంపెనీ ఖర్చు భరించినప్పుడూ అంతే.

ఈ సూత్రం రైల్వే ఆసుపత్రికి వర్తించునా అనే ప్రశ్న మహారాష్ట్రలోని కళ్యాణ్‌లో ఎదురైనది. మధ్య రైల్వే ఆసుపత్రిలో భార్యను పోగొట్టుకున్న ఒక ఉద్యోగి ఫిర్యాదు చేయగా, అది ఉద్యోగులకు ఉచిత వైద్యం చేసే ఆసుపత్రి గనుక వినియోగదారుల వ్యాజ్యం చెల్లదని జాతీయ కమిషన్ త్రోసిపుచ్చినది. సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని రద్దుచేసి, 1995 నాటి తీర్పు ప్రకారం విచారించవలసిందేనని ఆదేశించినది. 2007 నాటి న్యాయ నివేదికలలో ఈ తీర్పు ప్రచురితమైనది. అదే సంవత్సరం మే నెలలో, నెలనెలా చందా కట్టే ఈ.ఎస్.ఐ. కార్మికునికి అందే వైద్యం కూడా ఉచితం కాదని, అక్కడి నిర్లక్ష్యానికి వినియోగదారుల న్యాయస్థానం తలుపు తట్టవచ్చునని మరొక తీర్పు వచ్చినది. కాంట్రాక్టు కార్మిక సోదరులు దీనిని గమనింతురుగాక. మన ఆసుపత్రి వైద్యులపై వ్యాజ్యాలు వేయవలెనని ఇందువల్ల మా అభిప్రాయం కాదు. రాత్రి రెండు గంటలకు మన పిల్లలను చూచినది వారే. కాని "ఉచితం" అనే మాట చాటున ఏ హక్కూ అంతరించిపోదని తెలిసి ఉండుట వేరు, తగవు పెట్టుకొనుట వేరు.

విశ్రాంత ఉద్యోగులకు సంబంధించిన తీర్పు మరొకటి 2018 ఏప్రిల్ 13న వెలువడినది. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలోని ఒక పింఛనుదారు అత్యవసర పరిస్థితిలో జాబితాలో లేని ఆసుపత్రిలో చికిత్స పొందగా, ఖర్చు పూర్తిగా ఇవ్వ నిరాకరించినారు. ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో చెల్లింపు నిరాకరించరాదని, చికిత్స నిజంగా జరిగినదా, అవసరమా అన్నదే చూడవలెనని సుప్రీంకోర్టు చెప్పినది.

వినియోగదారుల చట్టం 2019లో క్రొత్త రూపు దాల్చి 2020 జూలై 20నుండి అమలులోనికి వచ్చినది. పూర్వం ప్రతిపక్షి కార్యాలయం ఉన్నచోట, లేదా వివాదం పుట్టినచోట ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించేచోటనే, పనిచేసేచోటనే దాఖలు చేయవచ్చును. కలకత్తా ఆసుపత్రిపై ఖరిదావాసి మేదినీపూర్‌లోని జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చునన్నమాట. గిరిమైదాన్ స్టేషనులో లోకల్ ఎక్కి కంసావతి వంతెన దాటితే చాలు. చెల్లించిన మూల్యం 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షల వరకు ఫీజు లేదు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా దాఖలు చేయవలెను. ఈ రెండేళ్ళ లెక్కను మరువరాదు.

2025 ఆగస్టులో మేము మళ్ళీ ఖరిదా వెళ్ళినాము. గొలుసు పిన్ని మెడలో ఉన్నది. తమ్ముడు దుకాణం తెరుస్తున్నాడు, బస్తాలు మాత్రం మోయడం లేదు. వాని పాలసీలో రక్తపోటు, గుండె వ్యాధి రెండూ ఈసారి వ్రాయించినాము. పిన్ని ట్రంకుపెట్టె తెచ్చి ముందుపెట్టి, "ఏది దేనికో తెలుగులో రాసి అంటించు బాబూ, నాకు ఇంగ్లీషు రాదు, బెంగాలీ చదవలేను" అన్నది. పిల్లల నోటు పుస్తకంలోని కాగితం చించి నాలుగు చీటీలు వ్రాసినాము. రైల్వే ఆసుపత్రి కార్డు, స్వాస్థ్య సాథీ, ప్రైవేటు బీమా: ఈ మూడింటిని ప్లాస్టిక్ సంచిలో వేసి, గుమ్మం ప్రక్కన మేకుకు తగిలించినాము. నాలుగవదైన ఈ.ఎస్.ఐ. కార్డు తెరిచి చూడగా అందులో చిన్నవాని భార్యగా నమోదు కావలసిన పేరు లేదు. పెళ్ళయి అప్పటికి ఐదు నెలలు. మర్నాడు సోమవారం పొద్దున్నే వానిని వెంటబెట్టుకొని కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్ళినాము.